పూల్ నేర్చుకుందాం – 6వ పాఠం: బ్రేక్‌లో తెల్ల బంతిని నిలపడం

గత పాఠంలో స్టాప్ షాట్ సాధన చేశాం: తెల్ల బంతి ఎదుటి బంతిని నిండుగా తాకి అక్కడే నిలిచిపోవాలి. అది ఇంకా చేతికి పట్టుబడని వారు ఈ పాఠాన్ని ఒక వారం ఆపి, దాన్నే సాధన చేయండి. బ్రేక్, అంటే గుంపుగా పేర్చిన బంతులను చెదరగొట్టే తొలి దెబ్బ, నా దృష్టిలో అదే షాట్, వేగం పెంచి కొట్టడమే. బలం ఉన్నవాడిదే బ్రేక్ అనే మాట పార్లర్లలో ఎంతోమందిని ఏళ్ల తరబడి తప్పుదారి పట్టించింది.

ఎయిట్ బాల్ ఆటనే తీసుకుందాం. 15 బంతుల త్రికోణంలో మొన బంతి ఫుట్ స్పాట్ (టేబుల్ అవతలి సగంలో బంతులు పేర్చే చోటి చుక్క) మీద, 8వ నంబరు నల్ల బంతి మూడో వరుస నడుమ ఉండాలి. చివరి వరుస మూలల్లో ఒకవైపు నిండు రంగు బంతి, మరోవైపు చారల బంతి. బ్రేక్‌లో ఒక బంతైనా పాకెట్‌లో పడాలి, లేదా కనీసం 4 రంగు బంతులు కుషన్లను (టేబుల్ అంచు గోడలను) తాకాలి. నల్ల బంతి బ్రేక్‌లోనే పడితే గెలిచినట్టేనని కొన్నిచోట్ల ఆడతారు. ప్రపంచ నిబంధనల్లో అలా లేదు కాబట్టి ముందే అడిగి తేల్చుకోండి.

ఇప్పుడు టేబుల్ మీదికి వంగి, తెల్ల బంతిని పెట్టే చోట గుడ్డను దగ్గరగా చూడండి. ఆవగింజలంత తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. బ్రేక్ దెబ్బకు బంతి గుడ్డను ఒరుసుకున్నప్పుడు పడ్డ కాలిన గుర్తులవి. కొన్ని చుక్కలు కాస్త ముందుకు, దారి మధ్యలో ఉంటాయి. అక్కడ బంతి గాలిలోకి లేచి మళ్లీ కిందపడింది. క్యూ (కొట్టే కర్ర) ఎప్పుడూ కుషన్ మీదుగానే వస్తుంది కాబట్టి దాని వెనక భాగం కొంత ఎత్తులో ఉంటుంది, దెబ్బ కిందికి దిగుతుంది, బంతి ఎగురుతుంది. గాలిలో ఉండగానే మొన బంతిని తాకిందంటే పై భాగాన తగిలి, తాను ఇంకా పైకి లేస్తుంది. పక్క టేబుల్ దాకా దూకే బంతులన్నీ ఇలాంటివే. అందుకే తెల్ల బంతిని కుషన్‌కు ఆనించి పెట్టవద్దు. హెడ్ స్ట్రింగ్‌కు (మీ వైపు సగంలో టేబుల్‌కు అడ్డంగా ఉండే గీతకు) దగ్గరగా జరిపి, క్యూ వెనక భాగాన్ని వీలైనంత దించండి.

ఇక తగిలే చోటు. తెల్ల బంతి మొన బంతిని సగం మందాన మాత్రమే తాకిందనుకోండి. ఎదుట ఒక్క బంతే ఉంటే లెక్క తేలిక: శక్తిలో దాదాపు నాలుగో వంతు తెల్ల బంతిలోనే ఉండిపోయి, దాన్ని పక్కకు లాక్కుపోతుంది. తెల్ల బంతి పాకెట్లో పడే ప్రమాదం ఎక్కువయ్యేది అప్పుడే. నిండుగా తాకితే ఆ శక్తి గుంపులోకి వెళుతుంది. వెనక ఉన్నది బరువైన గుంపు కాబట్టి తెల్ల బంతి కొంచెం వెనక్కి వచ్చి టేబుల్ నడుమ ఆగాలి. దానికి మధ్యకు వెంట్రుక వాసి కిందుగా కొట్టండి. మరీ కిందుగా కొడితే తిరిగి వచ్చి వెనక పాకెట్లలో పడుతుంది.

భంగిమ గురించి రెండు మాటలు చాలు. మామూలు షాట్ కన్నా కొంచెం నిటారుగా నిలబడండి, వెనక చేతిని రెండు మూడు అంగుళాలు వెనక్కి జరపండి. పిడికిలి బిగిస్తే క్యూ పక్కకు తిరుగుతుంది. గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకోండి. క్యూను వెనక్కి తీసేటప్పుడు తొందర వద్దు.

ర్యాక్ (బంతుల త్రికోణం) ఎలా పెట్టారో కూడా చూసుకోండి. ట్రయాంగిల్ చట్రం తీశాక మొన బంతికి, దాని వెనక రెండింటికి మధ్య వెలుగు కనిపిస్తే మళ్లీ పెట్టించండి. అడగడానికి మొహమాటపడవద్దు. బంతులు ఒకదానికొకటి ఆనకపోతే ఎంత మంచి దెబ్బైనా గుంపులోనే చల్లారిపోతుంది.

ఈ వారం సాధన. ఫుట్ స్పాట్ మీద ఒక్క బంతినే ఉంచి, ఇప్పటిదాకా మీరు బ్రేక్ కొడుతున్న వేగంలో సగంతో 10 సార్లు కొట్టండి. తెల్ల బంతి ఆ స్పాట్ నుంచి జానెడు దూరంలోపు ఆగితే ఒక మార్కు. 7 మార్కులు వచ్చాకే వేగం కొంచెం పెంచండి. తగ్గితే వెనక్కి రండి. 7 నిలబడిన అత్యధిక వేగమే ప్రస్తుతం మీ బ్రేక్ వేగం. నిండు ర్యాక్‌ను కూడా దానితోనే కొట్టండి, పక్కనున్న వారు ఎంత బలంగా కొడుతున్నా సరే. ప్రతి బ్రేక్ తర్వాత తెల్ల బంతి ఎక్కడ ఆగింది, ఎన్ని బంతులు కుషన్‌ను తాకాయి, ఎన్ని పడ్డాయి అనే మూడు సంగతులను ఒక నోట్‌బుక్‌లో రాయండి. 30 బ్రేక్‌లు రాశాక, తెల్ల బంతి తరచూ ఎడమకే పోతోందా, కుడికేనా అన్నది తెలిసిపోతుంది. ఎప్పుడూ ఒకే వైపు పోతుంటే నిలబడే తీరును, పాదాలు చూసే దిక్కును ముందు సరిచూసుకోండి, చేతిని తర్వాత.

వచ్చే పాఠంలో నైన్ బాల్ (1 నుంచి 9 నంబరు బంతులతో ఆడే ఆట) బ్రేక్. అక్కడ 1వ నంబరు బంతినే ముందుగా తాకాలి, తెల్ల బంతిని పక్క కుషన్ దగ్గరికి జరిపి కొడతాం. ఆ నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి.