తోలు, ఎముక జిగురు లేకుండా మన నోట్‌బుక్ మనమే కుట్టుకోవడం

నోట్‌బుక్ మీద వీగన్ (జంతువుల నుంచి తీసినవేవీ లేనిది) అని రాసి ఉంటే, అట్ట తోలుది కాదని మాత్రమే అనుకోండి. గట్టి అట్ట బైండింగులో చర్మం, ఎముకలు ఉడికించి తీసిన జిగురు ఇప్పటికీ వాడుతున్నారు, దారానికి తేనెమైనం పట్టిస్తారు, పేజీ గుర్తు కోసం వేలాడే రిబ్బను పట్టుది కావచ్చు, వాటర్‌కలర్ కాగితాల్లో చాలావాటికి జెలటిన్ (ఇదీ జంతువుల చర్మం, ఎముకల నుంచే వస్తుంది) పట్టించి ఉంటుంది. పోనీ పీయూ (పాలీయురెథేన్) లెదర్ అట్ట తీసుకుందామా అంటే అది ప్లాస్టిక్. స్టోన్ పేపరూ అంతే, చెట్టు కొట్టకుండా చేసిందే గానీ అందులో ఉండేది రాతిపొడీ పాలిథిలీనూ, మామూలు చిత్తుకాగితాలతో కలిపి రీసైకిల్‌కి వేయకూడదు.

కొనాల్సి వస్తే ఎఫ్ఎస్‌సి (అడవుల బాధ్యతాయుత నిర్వహణకు ధ్రువీకరణ ఇచ్చే సంస్థ) ముద్ర కింద 'రీసైకిల్డ్' అని ఉన్నది చూసుకోండి ('మిక్స్' అంటే కొత్త గుజ్జు కూడా కలిసి ఉండవచ్చు), జిగురు దేంతో చేశారో తయారీదారునే అడగండి. నా మటుకు నాకు, ఇంట్లో ఒకవైపు ప్రింటయి పడున్న ఎ4 కాగితాలను మించిన కాగితం లేదు.

ఎనిమిది కాగితాలు తీసుకుని ఒక్కొక్కటీ సగానికి మడవండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, అన్నీ ఒకేలా మడిస్తే ఎక్కడ తెరిచినా ఒక పేజీ ఖాళీగా, పక్క పేజీ అక్షరాలతో కనిపిస్తుంది. మొదటి కాగితాన్ని ఖాళీ వైపు లోపలికి, రెండోదాన్ని ఖాళీ వైపు బయటికి, మూడోదాన్ని మళ్లీ లోపలికి, ఇలా మార్చి మార్చి మడిచి, మొదటిది అన్నిటికన్నా లోపల ఉండేలా ఒకదాంట్లో ఒకటి పెట్టండి. అప్పుడు ఖాళీ పేజీలు ఎదురెదురుగా వస్తాయి, ప్రింటయినవీ ఎదురెదురుగా వస్తాయి. ఆ ప్రింటయిన జంటల్ని కింది అంచు, పక్క అంచు మాత్రం అంటిస్తే చీటీలు దాచుకునే జేబులు అవుతాయి. జిగురుకి చెంచా మైదాని ఐదు చెంచాల చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని మంట మీద చిక్కబడేదాకా తిప్పితే చాలు. నిల్వ ఉండదు, కొంచెమే చేసుకోండి.

మడత గట్టిగా పడటానికి బైండర్లు ఎముక బద్దతో రుద్దుతారు. మనకు చెంచా వెనకభాగం సరిపోతుంది.

అట్టకి పాత డబ్బా అట్ట వాడండి. మడిచే ముందు రెండు దిక్కులా మెల్లగా వంచి చూడండి, ఏ దిక్కున తేలిగ్గా వంగితే మడత అటే రావాలి, లేకపోతే పగుళ్లు వస్తాయి.

ఇక కుట్టు. కాగితాలను అట్టలో పెట్టి మడత మీద మూడు రంధ్రాలు దబ్బనంతో పొడవండి, నడిమధ్యన ఒకటి, పైనా కిందా ఒక్కోటి. పుస్తకం ఎత్తుకి మూడింతలు నూలుదారం తీసుకోండి, మైనం అక్కర్లేదు. లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి తీసి, పై రంధ్రంలో లోపలికి పోనిచ్చి, మధ్యదాన్ని వదిలేసి కింది రంధ్రంలోంచి బయటికి తెచ్చి, మళ్లీ మధ్య రంధ్రంలో లోపలికి లాగండి. రెండు కొసలూ లోపలి పొడుగు దారానికి చెరోవైపు ఉండాలి, అప్పుడే ముడి దాన్ని పట్టి ఉంచుతుంది. దారాన్ని మడత వెంబడే లాగండి, పైకి లాగితే కాగితం చిరిగిపోతుంది.

పుస్తకం నిండాక ముడి కత్తిరించి దారం తీసేస్తే పిన్ను లేదు, ప్లాస్టిక్ లేదు, కాగితాలూ అట్టా నేరుగా రీసైకిల్‌కి వేసేయొచ్చు.