పీఆర్‌ఐ లైన్ నుంచి సిప్ ట్రంక్‌కు మారాలంటే

పీఆర్‌ఐ అంటే ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజీకి ఆపరేటర్ ఇచ్చే డిజిటల్ ఫోన్ లైన్, సిప్ ట్రంక్ అంటే అవే కాల్స్ డేటా లైన్ మీద వెళ్లే పద్ధతి. మారే ముందు నంబర్ల సంగతి తేల్చుకోండి. మన దేశంలో నంబర్ పోర్టబిలిటీ మొబైల్‌కే ఉంది, ల్యాండ్‌లైన్‌కు లేదు, కాబట్టి ఆపరేటర్‌ను మారిస్తే ఏళ్లుగా కస్టమర్ల ఫోన్లలో సేవ్ అయి ఉన్న మీ 040 నంబర్ పోతుంది. అందుకే ఉన్న ఆపరేటర్ దగ్గరే సిప్ అడగండి, డీఐడీలన్నీ (బయటి నుంచి నేరుగా ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కు మోగే నంబర్లు) కొత్త ట్రంక్ మీదికి వస్తాయని ఈమెయిల్‌లో రాయించుకోండి. నోటి మాట చాలదు.

పీఆర్‌ఐ అంటే 2 ఎంబీపీఎస్ లైన్ మీద ఒకేసారి 30 కాల్స్. సిప్‌లో ఛానెళ్లు ఎన్ని కావాలంటే అన్ని తీసుకోవచ్చు, కానీ మాటను డేటాగా మార్చే జీ.711 కోడెక్‌లో, ప్యాకెట్ల మీది అడ్రస్ భాగాలైన హెడర్లతో కలిపి ఒక్కో కాల్‌కు ఒక్కో వైపు దాదాపు 87 కేబీపీఎస్ పడుతుంది, అంటే 30 కాల్స్‌కు 2.6 ఎంబీపీఎస్. ఆఫీసు డౌన్‌లోడ్లతో కలపకుండా రూటర్‌లో వాయిస్‌కు ప్రయారిటీ ఇవ్వండి. పాత ఈపీఏబీఎక్స్ (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజ్) బాగానే పనిచేస్తుంటే పారేయకండి, మధ్యలో పీఆర్‌ఐ-సిప్ గేట్‌వే పెడితే చాలు.

అసలు తలనొప్పి రూటర్ దగ్గర మొదలవుతుంది. సిప్‌లో కాల్ కలిపే మెసేజ్‌లు మామూలుగా 5060 పోర్టులో వెళ్తాయి, మాట మాత్రం ఆర్‌టీపీ అని వేరే యూడీపీ పోర్టుల్లో వెళ్తుంది, ఆ రేంజ్ ఫైర్‌వాల్‌లో తెరవకపోతే కాల్ కలుస్తుంది గానీ ఒకవైపే వినిపిస్తుంది. రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే ఫీచర్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి, అది మెసేజ్‌లలోని అడ్రస్‌లను మార్చి చెడగొడుతుంది. ప్రతి కాల్ సరిగ్గా 32 సెకన్లకు కట్ అవుతోందంటే, ఆన్సర్ చేశాక రావాల్సిన ఏసీకే (అందిందని చెప్పే) మెసేజ్ చేరట్లేదని అర్థం, ఎక్కువసార్లు జవాబు ఎక్కడికి పంపాలో చెప్పే కాంటాక్ట్ హెడర్‌లో లోకల్ ఐపీ (ఆఫీసు లోపలే పనిచేసే అడ్రస్) వెళ్లడమే కారణం. అరగంట దగ్గర కట్ అయితే కాల్ ఇంకా నడుస్తోందా అని మధ్యమధ్యలో సరిచూసే సెషన్ టైమర్ సెట్టింగ్ చూడండి.

5060ను ఇంటర్నెట్‌కు బార్లా తెరిచి పెట్టకండి, దయచేసి. ఆపరేటర్ ఐపీలకు తప్ప అందరికీ బ్లాక్ చేయండి, అవసరం లేకపోతే ఐఎస్‌డీ కూడా ఆపేయండి, ఎందుకంటే లోపలికి దూరినవాళ్లు రాత్రికి రాత్రి విదేశీ కాల్స్ చేసేస్తే ఆ బిల్లు మీ నెత్తిన పడుతుంది.

మార్చే ముందు పీఆర్‌ఐని అలాగే ఉంచి, ఆపరేటర్‌ను తాత్కాలిక నంబర్ అడిగి, రెండు మూడు ఎక్స్‌టెన్షన్ల ఔట్‌గోయింగ్ సిప్ మీద నడపండి. బ్యాంకు కస్టమర్ కేర్‌కు చేసి అంకెలు నొక్కి చూడండి, డీటీఎంఎఫ్ (నొక్కిన అంకెలను పంపే పద్ధతి) సెట్టింగ్ ఆర్‌ఎఫ్‌సీ 2833కు లేకపోతే చాలాసార్లు ఇక్కడే దొరికిపోతుంది. హోల్డ్, ట్రాన్స్‌ఫర్, అవతలివాళ్లకు కనిపించే నంబర్, అన్నీ చూడాలి. ఫ్యాక్స్ ఇంకా వాడుతుంటే టీ.38 (డేటా లైన్ మీద ఫ్యాక్స్ పంపే పద్ధతి) సపోర్ట్ ఉందో అడగండి, లేకపోతే ఆ ఒక్కదానికి మామూలు లైన్ ఉంచుకోండి.

ఇన్‌కమింగ్ నంబర్లను శనివారం సాయంత్రం మార్పించండి, ఆదివారం ప్రతి డీఐడీకీ బయటి మొబైల్ నుంచి చేసి చూడండి. పీఆర్‌ఐ సరెండర్ లెటర్ మాత్రం సిప్ మీద మొదటి బిల్లు వచ్చి, అందులో కాల్స్ సరిపోయాయని చూసుకున్నాకే ఇవ్వండి.