మోరిస్ మైనర్ మొరాయిస్తే

ఇంగ్లండులో ఉంటూ తక్కువ ఖర్చులో పాత కారు మోజు తీర్చుకోవాలనుకునే మనవాళ్లకు నేను చెప్పే పేరు ఒకటే, మోరిస్ మైనర్. 1948లో వచ్చింది. నమూనా మరీ ఇరుగ్గా ఉందని దాన్ని గీసిన ఇసిగోనిస్ బండిని నిలువునా కోయించి, నాలుగంగుళాలు ఎడం చేయించి చూసుకున్నాడు. బానెట్ నడుమ కనిపించే పట్టీ ఆ అతుకు గుర్తే. మన దేశంలో బేబీ హిందుస్థాన్‌గా తిరిగిందీ ఇదే. 16 లక్షలకు పైగా తయారయ్యాయి, సామాన్లకు ఇప్పటికీ లోటు లేదు. నలభై ఏళ్లు దాటింది కాబట్టి ఇక్కడ రోడ్డు టాక్సు పడదు, బండి రోడ్డుకు పనికొస్తుందో లేదో ఏటా చూసే ఎంఓటీ పరీక్షా తప్పనిసరి కాదు. అంటే బండి బాగోగులు చూసుకోవాల్సింది మనమే.

స్టార్టర్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు

ముందు చెవి పెట్టండి. తాళం తిప్పగానే బానెట్ కింద టిక్ టిక్‌మని వినిపించి ఆగిపోవాలి. అది ఎస్‌యూ కంపెనీ కరెంటు పంపు పెట్రోలు తోడే చప్పుడు. అసలు చప్పుడే లేకపోతే చాలావరకు పంపులోని పాయింట్లు, అంటే కరెంటును కలిపి విడదీసే లోహపు మొనలు, నల్లబడ్డాయన్నమాట. నా మొదటి చలికాలంలో, వానలో, పెట్రోలు బంకు ముందే ఇలా నిలబడిపోయాను. వెనక కారులోంచి ఒక పెద్దాయన దిగి, ఏమీ అడగకుండా బానెట్ ఎత్తి, పానా వెనక కొసతో పంపు మీద రెండుసార్లు తట్టాడు. టిక్ టిక్! అది ఇల్లు చేరడానికే. తర్వాత బ్యాటరీ తీగ ఊడదీసి, పంపు నల్ల మూత విప్పి, పాయింట్ల మధ్య నున్నటి ఉప్పు కాగితం ముక్క పెట్టి నాలుగుసార్లు లాగండి.

చప్పుడు ఆగకుండా గబగబా వస్తుంటే టాంకీ ఖాళీ, లేదా టాంకీ నుంచి వచ్చే గొట్టంలోకి గాలి చొరబడుతోంది.

యాక్సిలరేటర్ తొక్కితే గుటకేసినట్టు ఆగి, అప్పుడు కదులుతోంది

కార్బురేటర్ నెత్తిన చిన్న మూత ఉంటుంది. విప్పి చూడండి, లోపల నూనె అయిపోయి ఉంటుంది. పల్చటి ఇంజనాయిల్ కొద్దిగా పోస్తే సరి. అయిదు నిమిషాల పని.

బ్రేకు కిందికి దిగిపోతోంది

మాస్టర్ సిలిండర్ ఉండేది బానెట్ కింద కాదు, డ్రైవరు కాళ్ల కింద. అందుకే ఎవరూ చూడరు. కార్పెట్ ఎత్తితే నేలలో మూత కనిపిస్తుంది. బ్రేకాయిల్ తగ్గితే పోసి ఊరుకోకండి, ఎక్కడ కారుతోందో వెతకండి.

కొత్తగా పెట్టిన ఛార్జర్ మాడిపోయింది

ఈ బండిలో బాడీకి కలిసేది బ్యాటరీ ప్లస్ తీగ, మైనస్ కాదు. ఇప్పటి సామాను ఏది బిగించాలన్నా ముందు అది చూసుకోండి.

స్టీరింగ్ బరువెక్కింది, ముందు చక్రం దగ్గర టకటక

దీన్ని మాత్రం రేపటికి వాయిదా వేయకండి. ముందు చక్రాన్ని మోసే నిలువు పిన్ను కింది కొస మరలా ఉండి, ట్రనియన్ అనే దిమ్మలో తిరుగుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మర కదులుతుంది. గ్రీజు అందకపోతే అరిగి అరిగి, ఏ మలుపులోనో రివర్సులోనో పిన్ను ఊడి వస్తుంది. చక్రం పక్కకు మడుచుకుని బండి ముక్కు రోడ్డుకు తగులుతుంది. ఇంటి ముందు జరిగితే అదృష్టమే.

1000 మైళ్లకోసారి జాకీ ఎత్తి, చక్రం మీద బరువు లేకుండా చేసి గ్రీజు కొట్టాలి. గ్రీజు ఎక్కించే చిన్న ముక్కులు, అంటే నిపిళ్లు, పక్కకు రెండు చొప్పున నాలుగు ఉంటాయి. పాత నల్ల గ్రీజు పోయి కొత్తది బయటికి పొంగేదాకా కొట్టండి. తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. అప్పటికీ లొడలొడలాడితే గ్రీజుతో పోయేది కాదు, పిన్నూ ట్రనియనూ రెండూ కొత్తవి వేయించాలి.

కొనబోయే బండి ఎంత మెరిసినా ముందు కిందికి వంగి ఆ నిపిళ్లు గుడ్డతో తుడవండి. పెయింటుతో పూడుకుపోయి ఉంటే బేరం అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.