ఊరి నుంచి టౌన్‌కు మారేముందు: కిరాయా, సొంతిల్లా? కొన్ని జాగ్రత్తలు

ఏప్రిల్ చివర్లో పిల్లల పరీక్షలు అయిపోగానే మునుగోడు, నాంపల్లి, దేవరకొండ వైపు వాళ్లు నల్లగొండలో, మక్తల్, దేవరకద్ర, నారాయణపేట వైపు వాళ్లు మహబూబ్‌నగర్‌లో ఇళ్ల వేటలో పడతారు. జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ వెనకాలే ఆషాఢం వస్తుంది, ఆషాఢంలో ఇల్లు మారరు. అంటే ఉన్నది నెలా నెలన్నర. ఈ టైంలోనే బ్రోకర్ ఫోన్ చేస్తాడు: "కిరాయికి ఎందుకన్నా, మంచి ఇల్లు అమ్మకానికుంది, ఇంకో ఇద్దరు చూసిపోయారు, రేపటికల్లా బయానా ఇయ్యాలె." సగం గొడవలు అక్కడే మొదలవుతాయి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ నెలన్నరలో కిరాయి ఇల్లు వెతుక్కోండి. కొనే సంగతి మాత్రం తేల్చొద్దు. ఏ కాలనీలో కొనాలని మనసులో ఉందో అక్కడే కిరాయికి దిగండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం అక్కడ గడిపాకే బయానా గురించి మాట్లాడండి.

"నెలనెలా కిరాయి కట్టుడు దండగ, అదే పైసలు ఈఎంఐ కడితే ఇల్లు మనదైతది" అని చుట్టాలంతా అంటారు. లెక్క వేసి చూద్దాం. ఇల్లు 28 లక్షలు అనుకోండి. మీ దగ్గర 8 లక్షలున్నాయి, మిగతా 20 లక్షలు బ్యాంకు లోను. వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు. ఈఎంఐ దాదాపు 17,350 రూపాయలు. మొదటి నెల అందులో 14,170 దాకా వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 3,200 లోపే. అలాంటి ఇల్లే 9 వేలకు కిరాయికి దొరుకుతుంటే, ఓనర్‌కు ఇచ్చే 9 వేలు దండగ, బ్యాంకుకు ఇచ్చే 14 వేలు దండగ కాదు అనడం ఎలా కుదురుతుంది? 20 ఏళ్లు కడితే మొత్తం 41 లక్షల 65 వేల వరకు కట్టినట్టు. కొనొద్దని ఈ లెక్క చెప్పడం లేదు. ఇల్లు మిగులుతుంది, కిరాయిలు ఏటా పెరుగుతాయి, స్థలం విలువా పెరగొచ్చు. కానీ పదేళ్లు ఆ టౌన్‌లోనే ఉంటామన్న నమ్మకం లేనివాళ్లకు మొదటి ఏళ్లలో కిరాయే చవక.

పైగా ఖర్చు 28 లక్షలతో ఆగదు. మన తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 28 లక్షలకు రాయించుకుంటే 2 లక్షల 10 వేలు. దీనికి బ్యాంకు లోను ఇవ్వదు. తక్కువ విలువకు రాయించుకుందామంటే లోను కూడా తగ్గుతుంది. ఆ మీద గృహప్రవేశం, కప్‌బోర్డులు, మోటారు, ఎలక్ట్రీషియన్. చేతిలో చాలకపోతే అందరూ పోయేది రెండు రూపాయల వడ్డీకే. మూడు లక్షలు తెస్తే నెలకు ఆరు వేలు, అదీ వడ్డీ మాత్రమే. ఈఎంఐతో కలిపితే 23 వేలు దాటింది. ఇల్లు కొన్నాక పిల్లల ఫీజులకు చిట్టీలు ఎత్తుకునే కుటుంబాలు ఇట్లా తయారైనవే. రిజిస్ట్రేషన్ ఖర్చు, ఆరు నెలల ఈఎంఐ చేతిలో పెట్టుకుని దిగగలిగితేనే దిగండి.

వ్యవసాయం మీద బతికే ఇంటికి ఇంకో చిక్కుంది. నెల జీతం ఉన్నవాళ్లకు నెలనెలా పైసలొస్తాయి, ఈఎంఐ కూడా నెలనెలా పోతుంది. పత్తి పైసలు చలికాలంలో వస్తాయి, యాసంగి వడ్ల పైసలు ఎండాకాలంలో వస్తాయి. మధ్య నెలల్లో ఈఎంఐ ఎక్కడి నుంచి కడతారో ముందే కాగితం మీద నెలవారీగా రాసుకోండి. ఏ నెల గడిలో ఏమీ రాయలేకపోయారో ఆ నెలలో మీరు అప్పు చేస్తారన్నమాట.

ఊళ్లో ఉన్న ఎకరం, రెండెకరాలు అమ్మి టౌన్‌లో ఇల్లు కొందామనే ఆలోచన దగ్గర మరీ ఆగాలి. ట్రిపుల్ ఆర్ (హైదరాబాద్ చుట్టూ వేయబోయే రీజనల్ రింగ్ రోడ్డు) పేరుతో చౌటుప్పల్ నుంచి ఆమనగల్ మీదుగా షాద్‌నగర్ దాకా భూముల మాటలే నడుస్తున్నాయి, మంచి ధర వచ్చినప్పుడు అమ్ముకోవాలని అనిపించడం సహజమే. కానీ ఉన్నదంతా అమ్మితే పట్టా పాసుపుస్తకం పోతుంది. దానితో పాటు ఎకరాకు ఏడాదికి 12 వేల రైతు భరోసా, పట్టా ఉన్న రైతు చనిపోతే కుటుంబానికి అందే 5 లక్షల రైతు బీమా కూడా పోతాయి. ఊళ్లో అమ్మానాన్నలు ఇంకా ఆ భూమి మీదే బతుకుతుంటే ఈ మాట వాళ్లతో కూర్చుని తేల్చాల్సిందే. టౌన్‌కు వస్తారా, రారా, వస్తే మెట్లెక్కగలరా అన్నది కూడా అప్పుడే అడగండి.

సొంతిల్లు కావాలని మనవాళ్లు అంత పట్టుబట్టడానికి కారణం పైసల లెక్క ఒక్కటే కాదు, అది ఒప్పుకోవాలి. కిరాయి ఇంట్లో ఉన్న కుటుంబంలో ఎవరైనా చనిపోతే శవాన్ని గేటు లోపలికి తేనివ్వని ఓనర్లు ఉన్నారు. కీడు తగులుతుందంటారు. దవాఖాన నుంచి అంబులెన్స్ నేరుగా ఊరికి పోతుంది, దినాలు ఊళ్లోనే చేయాల్సి వస్తుంది. ఊళ్లో ఇల్లు కూలిపోయి ఉంటే ఆ కుటుంబం ఎక్కడికి పోవాలి? ముసలి తల్లిదండ్రులతో కిరాయికి దిగేవాళ్లు ఈ మాట అడ్వాన్స్ ఇచ్చేముందే ఓనర్‌ను అడగాలి. నోరు రాదు, తెలుసు. అయినా అడగండి. సరేనన్న ఓనర్ దొరికితే కిరాయి వెయ్యి ఎక్కువైనా ఆ ఇల్లే తీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు మంచాన ఉండి, చేతిలో పైసలు కూడా ఉంటే, కొనడం వైపు మొగ్గడానికి ఇదొక్కటే చాలు. అప్పుడు నేను చెప్పిన కిరాయి లెక్క పక్కన పెట్టేయొచ్చు, కింద చెప్పే కాగితాల జాగ్రత్తలు మాత్రం పక్కన పెట్టడానికి వీల్లేదు.

ఇక నీళ్లు. మన జిల్లాల్లో ఇల్లు చూడటం అంటే ముందు నీళ్లు చూడటమే. ఏప్రిల్, మే నెలల్లో, మధ్యాహ్నం పూట వెళ్లండి. సంపు ఖాళీగా ఉన్నప్పుడు బోరు మోటారు వేయమని చెప్పి అక్కడే నిలబడండి. ఎన్ని నిమిషాలు ఆగకుండా పోస్తుంది, మధ్యలో గాలి కొడుతుందా, ఆపి అరగంటకు మళ్లీ వేస్తే ఎంత వస్తుంది, ఇవి చూడాలి. అమ్మే ఓనర్ "ఫుల్ వాటర్" అంటాడు, పక్కింటి ఆవిడ నిజం చెబుతుంది. ఆమెను బోరు ఎన్ని అడుగులు, పోయిన ఎండాకాలం ట్యాంకర్ ఎన్నిసార్లు వచ్చింది, నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుంది అని అడగండి.

నల్లగొండ వైపు అయితే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించకుండా ఇల్లు కొనొద్దు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు వంకరపోయిన కాళ్లను, పచ్చబడిన పళ్లను చూస్తూ పెరిగినవాళ్లకు దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాక పరిస్థితి చాలా మారింది, నిజమే. కానీ కొత్త వెంచర్లలో నల్లా లైను పడకముందే ఇళ్లు కట్టి అమ్ముతున్నారు. లైను వచ్చేదాకా పిల్లలు తాగేది ఆ బోరు నీళ్లే. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో ఒక సీసా నీళ్లు ఇస్తే రిపోర్టు వస్తుంది. కిరాయి ఇంటికైనా ఇది చేయించుకోవచ్చు.

వానాకాలంలో చూడాల్సింది నీళ్లు ఎటు పోతున్నాయన్నది. గట్టి వాన పడిన మర్నాడు పొద్దున్నే ఆ వీధిలో నడవండి. గోడల మీద తడి గీత ఎంత ఎత్తున ఉంది, ఇళ్ల ముందు గడపలు ఎందుకు అంత ఎత్తు కట్టుకున్నారు, మీకే తెలిసిపోతుంది. చెరువు పక్క ప్లాట్లకు "లేక్ వ్యూ" అని పేరు పెట్టి అమ్ముతారు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే దాని హద్దు నుంచి 30 మీటర్ల లోపు, అంతకన్నా చిన్న కుంటైతే 9 మీటర్ల లోపు ఇల్లు కట్టకూడదు. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే ఎఫ్‌టీఎల్ మ్యాపు ఇరిగేషన్ వాళ్ల దగ్గర చూసుకోవాలి, వెంచర్ బ్రోచర్‌లో కాదు.

కాగితాల విషయానికొస్తే ముందు ఒరిజినల్స్ చూపించమనండి. జిరాక్సులే చూపిస్తుంటే అవి బ్యాంకులోనో, వడ్డీ వ్యాపారి బీరువాలోనో ఉన్నట్టు అనుకోవాలి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి దొరుకుతుంది. దాన్ని లింకు డాక్యుమెంట్ల (అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజుల) పక్కన పెట్టుకుని ఒక్కో లైను చదవండి: ఎవరు ఎవరికి అమ్మారు, సర్వే నంబరు అదేనా, నాలుగు దిక్కులా హద్దులు అవేనా, పాత డాక్యుమెంటులో 200 గజాలున్నది కొత్త దాంట్లో 220 ఎట్లా అయింది? ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకాలు, అంటే సాదా బైనామాలు, అందులో ఉండవు. కోర్టు కేసు ఉన్నా కనపడకపోవచ్చు. అదే వెబ్‌సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది, సర్వే నంబరు కొట్టి చూడండి. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని అమ్మడం 1977 చట్టం ప్రకారం నిషేధం. కొన్నా హక్కు రాదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు.

అమ్మేది తాతల ఆస్తి అయితే ఆడబిడ్డల సంతకాలు అడగండి. ఇక్కడ చాలామంది మొహమాటపడతారు. "మా చెల్లెళ్లకు పెళ్లప్పుడే ఇచ్చినం, వాళ్లేమీ అనరు" అని అమ్మేవాళ్లు అంటారు. 2005లో హిందూ వారసత్వ చట్టం మారాక ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా ఉంది. ఆనాటికి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పని లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చి చెప్పింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్డ్ పంపకం అయి ఉంటే సంగతి వేరు, ఆ కాగితం చూపించమనండి. లేకపోతే తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెప్పించి, అందులో పేరున్న ప్రతి ఒక్కరూ రిజిస్ట్రేషన్‌కు రావాలని షరతు పెట్టండి. ఇది ఆ అక్కాచెల్లెళ్లకు చేసే న్యాయం కూడా. మీరు కొనేటప్పుడు భార్యాభర్తలిద్దరి పేరు మీదా రాయించుకోండి.

గుంటల్లో అమ్మే ప్లాట్ల జోలికి పోవద్దు. గుంట అంటే 121 గజాలు. లేఅవుట్ అనుమతి లేకుండా వ్యవసాయ భూమినే ముక్కలు చేసి, భూమి రిజిస్ట్రేషన్‌గానే చేయించి, మధ్యలో మట్టిరోడ్డు వేసి అమ్ముతారు. రేపు ఇంటి పర్మిషన్ దగ్గర, లోను దగ్గర ఆగిపోతారు. అనుమతి లేని లేఅవుట్‌లో పాత ప్లాటైతే 2020 నాటి ఎల్ఆర్ఎస్‌కు (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) దరఖాస్తు పెట్టారా, ఫీజు కట్టి ప్రొసీడింగ్స్, అంటే క్రమబద్ధీకరించినట్టు ఉత్తర్వు, తెచ్చుకున్నారా చూడాలి. దరఖాస్తు రసీదు వేరు, ప్రొసీడింగ్స్ వేరు. అపార్ట్‌మెంటైతే, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్నా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి. రెరా కింద ఉన్న బిల్డర్, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు.

బయానా ఇచ్చే రోజు వస్తే చెక్కు గానీ, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ గానీ. ఇల్లు, స్థలం బేరాల్లో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, రేపు గొడవైతే ఇచ్చినట్టు రుజువూ ఉండదు. పెద్దమనుషుల ముందు మాట అనుకోవడం మన దగ్గర అలవాటే, ఉండనివ్వండి, కానీ అగ్రిమెంట్ రాతలో ఉండాలి. లోను రాకపోయినా, కాగితాల్లో లోపం బయటపడినా బయానా ఫలానా రోజుల్లో తిరిగి ఇవ్వాలన్న వాక్యం అందులో తప్పకుండా రాయించండి. కాగితాలు మీ సొంత లాయరుతో చదివించండి. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు పైసల భద్రత.

కిరాయికి దిగేవాళ్లకు ఇంత తంతు లేదు. 11 నెలల అగ్రిమెంట్, అడ్వాన్స్ ఎంతో అందులో రాసి ఉండటం, దిగిన రోజే గోడలు, బాత్రూము, మీటరు రీడింగు ఫోన్‌లో ఫొటోలు తీసి ఓనర్‌కు వాట్సాప్ పెట్టడం, ఇవి చాలు. ఒక్కటి మాత్రం గట్టిగా అడగండి: మీ పోర్షన్‌కు వేరే కరెంటు మీటరు ఉందా? రెండు పోర్షన్లకు ఒకే మీటరైతే యూనిట్లు కలిసి పై స్లాబులోకి పోతాయి. తెల్ల రేషన్ కార్డు ఉండి అర్హులైన కిరాయిదార్లకు కూడా గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు ఉచితం, వేరే మీటరు లేకపోతే అది చేజారుతుంది.

చివరికి కొనేశారనుకోండి. రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే ఇంటి పన్ను, నల్లా, కరెంటు మీటరు మీ పేరు మీదికి మార్పించుకోండి. బ్యాంకుకు ఏ ఏ ఒరిజినల్స్ ఇచ్చారో జాబితా రాయించి, ముద్ర వేయించి తీసుకోండి. మారుతుండే (ఫ్లోటింగ్) వడ్డీ మీద తీసుకున్న ఇంటి లోను ముందే కట్టేస్తే పెనాల్టీ ఉండదు, పంట పైసలు వచ్చినప్పుడు అసలులో కొంత కట్టుకోవచ్చు. లోను పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాలి. తన తప్పుతో ఆలస్యం చేస్తే రోజుకు 5 వేల చొప్పున మీకు చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన, 2023 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది. ఆ జాబితా కాగితం దొరికే చోట పెట్టి, ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.