ఫుడ్ బ్యాంక్‌కి కూరగాయలిస్తే పన్ను తగ్గించుకోవడం ఎలా: కాలిఫోర్నియా చిన్న రైతులకు

ఫ్రెస్నో చుట్టుపక్కల కూరగాయలు పండించేవాళ్ల పన్ను రిటర్నులు నింపడం నా పని. పంజాబీలు, లావోస్ వైపు నుంచి వచ్చిన హ్మాంగ్ కుటుంబాలు ఎక్కువ, మనవాళ్లు కొద్దిమంది. ఏటా ఏప్రిల్లో ఎవరో ఒకరు వచ్చి, "అక్కా, ఆగస్టులో ధర పడిపోతే బెండకాయలు ఫుడ్ బ్యాంక్‌కి ఇచ్చేశాం, దానికేమైనా వస్తుందా?" అని అడుగుతారు. వస్తుంది. కాకపోతే ఆ మాట అడగాల్సింది ఏప్రిల్లో కాదు, సరుకు ట్రక్కెక్కించే ముందు.

ఫుడ్ బ్యాంక్ అంటే పేదలకు ఉచితంగా ఆహారం పంచే సంస్థ. దానికి చేసిన ఒకే దానానికి రెండు చోట్ల లాభం ఉంటుంది. ఒకటి రాష్ట్రం ఇచ్చే క్రెడిట్. ఇది కట్టాల్సిన పన్నులోంచే నేరుగా తగ్గుతుంది. రెండోది ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చే డిడక్షన్. ఇది పన్ను లెక్కకట్టే ఆదాయాన్ని తగ్గిస్తుంది. పేపర్లో ఫెడరల్‌ది పెద్దగా కనిపిస్తుంది గానీ, చిన్న రైతు చేతికి నిజంగా అందేది చాలాసార్లు రాష్ట్రానిదే. అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

కాలిఫోర్నియా క్రెడిట్ దానం చేసిన సరుకు విలువలో 15 శాతం. రాష్ట్ర పన్ను శాఖ ఎఫ్‌టీబీ ఇచ్చే 3814 అనే ఫారంలో చూపించాలి. పండ్లు, కూరగాయలతో పాటు బియ్యం, బీన్స్ లాంటివి కూడా ఇందులోకి వస్తాయి. సరుకు కాలిఫోర్నియాలో ఉన్న ఫుడ్ బ్యాంక్‌కే చేరాలి. ఇక ఎవరికిస్తారంటే, పంట వేసి, సాకి, కోసిన మనిషికి. "అక్కా, నేల నాది కాదుగా, లీజుకు తీసుకున్నాను, నాకెందుకిస్తారు?" అని శాంగర్ దగ్గర బీర, ఆనప వేసే తమ్ముడొకడు వెనక్కి తగ్గబోయాడు. ఇక్కడ చట్టం పట్టా ఎవరిదని అడగదు, పండించింది ఎవరని అడుగుతుంది. లీజుకు తీసుకున్నవాడికే వస్తుంది, ఊరికే అద్దె పుచ్చుకునే యజమానికి రాదు. మా నాన్న తెనాలి పక్కన జీవితమంతా కౌలు చేశారు. తెలంగాణలో రైతుబంధు వచ్చినప్పుడు కూడా డబ్బు పట్టాదారు ఖాతాకే వెళ్లింది తప్ప కౌలుదారుకు రాలేదు. కౌలు రైతు పేరు ముందు రాసిన చట్టం చూస్తే నాకు ఇప్పటికీ కొంచెం ఆశ్చర్యమే.

విలువ కట్టడం దగ్గరే గొడవంతా. మీరు దానం చేసిన నెలలో అదే రకం, అదే గ్రేడు సరుకును హోల్‌సేల్‌లో ఎంతకు అమ్మారో చూసి, దాని సగటు తీయాలి. అది కూడా పెట్టెల లెక్కన తీయాలి. ఉదాహరణకు ఆగస్టులో 60 పెట్టెలు 22 డాలర్ల చొప్పున, 40 పెట్టెలు 17 చొప్పున పోయాయనుకోండి. మొత్తం 2,000 డాలర్లు, పెట్టెకు సగటు 20. ఆ నెలలో 50 పెట్టెలు ఫుడ్ బ్యాంక్‌కి ఇస్తే విలువ 1,000 డాలర్లు, క్రెడిట్ 150. రైతుకు 22 పలికిన రోజు గుర్తుంటుంది, 17కి వదిలించుకున్న రోజు గుర్తుండదు. అందుకని నోటి మాట వద్దు, కొన్నవాళ్ల బిల్లులు దాచండి. శనివారం ఫార్మర్స్ మార్కెట్లో పౌండుకు నాలుగు డాలర్లు పలికిందన్న లెక్క ఇక్కడ చెల్లదు, అది చిల్లర ధర. ముదిరిన బెండకాయలిచ్చి లేతవాటి ధర వేయడమూ కుదరదు.

ఆ నెలలో ఆ సరుకు అసలు హోల్‌సేల్‌లో అమ్మలేదా? అమెరికా వ్యవసాయ శాఖలోని అగ్రికల్చరల్ మార్కెటింగ్ సర్వీస్ హోల్‌సేల్ మార్కెట్ల ధరలు ప్రచురిస్తుంది. అందులో మీకు దగ్గరి మార్కెట్‌లో అదే నెల, అదే గ్రేడు ధర తీసుకోవచ్చు. ఆ పేజీని ఆ నెలలోనే ప్రింటు తీసి పెట్టుకుంటే తర్వాత వెతుకులాట ఉండదు.

ఇప్పుడు కాగితం సంగతి. దానం ఇచ్చేటప్పుడు సరుకు విలువ ఎంతో, ఎక్కడ పండిందో మీరే ఫుడ్ బ్యాంక్‌కి చెప్పాలి. వాళ్లు తిరిగి మీకొక సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో సరుకు రకం, పరిమాణం, మీ పేరు, వాళ్ల పేరు, చిరునామా, పండిన చోటు, మీరు చెప్పిన విలువ ఉండాలి. మామూలుగా సరుకు దించే చోట చేతిలో పెట్టే రసీదులో "కూరగాయలు, ఇన్ని పౌండ్లు" అని ఉంటుంది, అంతే. అది చాలదు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఒక పేజీ నమూనా ఇస్తాను. పైన చెప్పినవన్నీ ముందే టైపు చేసి ఉంటాయి. సరుకుతో పాటు రెండు కాపీలు తీసుకెళ్లి, దించిన వెంటనే ఒకదాని మీద సంతకం చేయించుకుంటారు. నెల ఆఖరికి సగటు ధర మారితే, సరిచేసిన విలువతో ఇంకో కాపీ పంపి మళ్లీ సంతకం తీసుకోండి. ఫుడ్ బ్యాంక్ వాళ్లు విసుక్కోరు, వాళ్లకు మీ సరుకు కావాలి.

అదే కాగితం మీద ఫెడరల్‌కి కావాల్సిన రెండు వాక్యాలు కూడా చేర్చించుకుంటే ఒక్క సంతకంతో పని తీరుతుంది: తాము పన్ను చట్టం 501(సి)(3) కింద గుర్తింపు ఉన్న ధార్మిక సంస్థ, ప్రైవేటు ఫౌండేషన్ కాదు అని ఒకటి. ఈ సరుకును రోగులకు, పేదలకు, పసిపిల్లలకు మాత్రమే వాడతాం, దీన్ని అమ్ముకోం, లెక్కలు ఉంచి అడిగితే చూపిస్తాం అని ఇంకొకటి. సరుకు అందిన తేదీ తప్పకుండా ఉండాలి.

ఫెడరల్ డిడక్షన్ లెక్క కాస్త మెలికగా ఉంటుంది. సరుకు ఖర్చుకు, దాన్ని అమ్మి ఉంటే వచ్చే లాభంలో సగం కలిపితే వచ్చేది ఒకటి, ఖర్చుకు రెట్టింపు ఇంకొకటి. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది దక్కుతుంది. విత్తనాలు, ఎరువులు, కూలి అంతా షెడ్యూల్ ఎఫ్ అనే వ్యవసాయ ఆదాయ వ్యయాల ఫారంలో ముందే ఖర్చు రాసేసుకునే రైతుకు ఆ "ఖర్చు" సున్నా. సున్నాకు రెట్టింపు కూడా సున్నాయే. ఏళ్ల తరబడి చిన్న రైతుకు దక్కింది ఆ సున్నాయే. 2015 డిసెంబరులో వచ్చిన పాత్ (PATH) అనే ఫెడరల్ పన్ను చట్టం దీన్ని సరిచేసింది. సరుకు మార్కెట్ విలువలో 25 శాతాన్ని ఖర్చుగా అనుకోవచ్చని చెప్పింది. మన 1,000 డాలర్ల బెండకాయల్లో 250 ఖర్చు, మిగతా 750లో సగం 375, కలిపితే 625. ఖర్చుకు రెట్టింపు 500. తక్కువది 500, అంటే మార్కెట్ విలువలో సగం. వ్యవసాయంలో వచ్చిన నికరాదాయంలో 15 శాతం దాటి ఒక ఏడాది వాడుకోలేరు. మిగిలింది ఐదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు.

దీనికొక చిక్కుంది. సొంత పేరు మీద సాగు చేసేవాళ్లకు ఈ 500 షెడ్యూల్ ఎఫ్‌లోకి పోదు, సొంత డిడక్షన్లు విడివిడిగా చూపించే షెడ్యూల్ ఎ లోకి పోతుంది. అంటే ఇంటి లోన్ వడ్డీ, ఇతర దానాలు అన్నీ కలిపి స్టాండర్డ్ డిడక్షన్ (ఏ లెక్కా చూపకుండానే అందరికీ ఇచ్చే తగ్గింపు) దాటితేనే పనికొస్తుంది. 2025కి భార్యాభర్తలిద్దరికీ కలిపి అది 31,500 డాలర్లు. ఇల్లు కొని వడ్డీ కడుతున్నవాళ్లు దాటొచ్చు, అద్దె ఇంట్లో ఉండేవాళ్లు చాలావరకు దాటరు. దాటకపోతే ఫెడరల్ లాభం ఏమీ లేదు, రాష్ట్రం ఇచ్చే 150 మాత్రం మిగులుతుంది. వస్తు రూపంలో దానాలు 500 డాలర్లు దాటితే 8283 ఫారం కూడా జతచేయాలి.

గుడిలో అన్నప్రసాదానికి పది పెట్టెల ఆనపకాయలు ఇచ్చామని కూడా రాయించబోతారు. మంచి పనే, కానీ అక్కడ భోజనం అందరికీ పెడతారు, పేదలకు మాత్రమే కాదు. కాబట్టి ఈ ఫెడరల్ లెక్కలోకి రాదు. అది పుణ్యం ఖాతాలోకే. ఇండియాలో పొలం ఉన్నవాళ్లు అక్కడా ఇలాంటిది ఉందా అని అడుగుతారు. అక్కడ వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్నే లేదు, పైగా దానాలకు పన్ను తగ్గించే సెక్షన్ 80జి డబ్బు రూపంలో ఇచ్చిన దానానికే వర్తిస్తుంది.

"తిన్నవాళ్లకి ఏమైనా అయితే నా మీద కేసు వేస్తారేమో" అన్న భయం చాలామందికి ఉంది. 1996లో వచ్చిన బిల్ ఎమర్సన్ గుడ్ సమారిటన్ చట్టం, మంచి ఉద్దేశంతో ఇచ్చిన ఆహారానికి దాత మీద బాధ్యత పడకుండా కాపాడుతుంది. ఘోరమైన నిర్లక్ష్యం, కావాలని చేసిన తప్పు తప్ప. వంకర కాయ, చిన్న కాయ, మార్కెట్లో మిగిలిపోయిన కాయ, అన్నీ దాని కిందకు వస్తాయి. కుళ్లింది మాత్రం ఇవ్వకండి.

కోత కూలి కూడా గిట్టని నెలలో పన్ను రాయితీ మాట ఎత్తితే నవ్వొస్తుంది. 150 డాలర్లకు 50 పెట్టెలు ఎవరు కోస్తారు? అప్పుడు పన్ను పక్కన పెట్టి, కాలిఫోర్నియా అసోసియేషన్ ఆఫ్ ఫుడ్ బ్యాంక్స్ నడిపే ఫార్మ్ టు ఫ్యామిలీ అనే కార్యక్రమం గురించి కనుక్కోండి. కోత, ప్యాకింగ్ ఖర్చుకు వాళ్లు కొంత ఇస్తారు. కాకపోతే వాళ్లకు ప్యాలెట్ల కొద్దీ సరుకు కావాలి. చిన్న రైతులు నలుగురు కలిస్తే వీలవుతుంది. చిన్న రైతుల దగ్గర ఫుడ్ బ్యాంకులు డబ్బిచ్చి కొనుక్కునేలా ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన పథకానికి 2025 మార్చిలో కొత్త నిధులు రద్దు చేశారు. కాబట్టి ఎవరైనా పాత కరపత్రం చూపించి ఆశ పెడితే తేదీ చూసుకోండి.

ఏ దారిన వెళ్లినా, కోసే ముందే ఫ్రెస్నోలోని సెంట్రల్ కాలిఫోర్నియా ఫుడ్ బ్యాంక్‌కో, మీ దగ్గర్లో ఉన్న ఇంకో ఫుడ్ బ్యాంక్‌కో ఫోన్ చేసి, ఏ రోజు ఎంత దించుకోగలరో అడగండి. బెండకాయ మరీ చల్లటి గదిలో పెడితే నల్లబడుతుంది, ఆ సంగతి వాళ్లకు చెప్పండి.

పన్ను తక్కువై ఈ ఏడు రాష్ట్ర క్రెడిట్ మొత్తం వాడుకోలేకపోతే ఏడేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు. సర్టిఫికెట్లు కూడా అన్నాళ్లూ దాచాల్సిందే. చట్టంలో ఉన్నదాని ప్రకారం ఈ క్రెడిట్ 2027 జనవరి 1కి ముందు మొదలయ్యే పన్ను సంవత్సరాల వరకే. శాసనసభ పొడిగించకపోతే 2026 పంటే ఆఖరుది.