కంచం ముందు భయమేస్తే ఒక చీటీ

తినడమంటేనే భయం పట్టుకునే జబ్బు నుంచి కోలుకుంటున్నాను. కంచం ముందు కూర్చోగానే "తినకు, తినకు" అని లోపల ఒకటే రొద. డాక్టరు, డైటీషియన్ చెప్పినవాటికి తోడుగా నాకు పనికొచ్చిన పద్ధతి ఇది.

మనసు కాస్త తేలిగ్గా ఉన్నప్పుడే ఒక చీటీ మీద మూడు వాక్యాలు సొంత చేత్తో రాసుకోండి. "నా ఒళ్ళంటే నాకెంతో ఇష్టం" లాంటివి నాకు కుదరలేదు, మనసు వెంటనే ఎదురు తిరిగేది. నమ్మగలిగినంతే రాయాలి. నావి ఇవి: "భయంగానే ఉంది, అయినా ఈ ముద్ద తినగలను." "ఈ పూట అన్నమే నా మందు." "తిన్నాక వచ్చే గిల్టు కాసేపటికి తగ్గుతుంది."

చీటీని టిఫిన్ డబ్బా మూత మీద అంటించాను. తినేముందు ఒకసారి, తిన్న 10 నిమిషాలకి ఇంకోసారి, పెదవులు కదిలేలా చదువుతాను. బరువు మాట, ఆకారం మాట ఏ వాక్యంలోనూ రానివ్వకండి, మెచ్చుకోలుగా కూడా. చదివీ చదివీ మాటలు పాతబడితే మార్చుకోండి.

కళ్ళు తిరగడం, గుండె దడ, వాంతులు, పూటలు మానేయడం ఉంటే చీటీ చాలదు, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మాట్లాడే తోడు కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులోనే చెప్పుకోవచ్చు.