కొత్త సిస్టమ్‌లో చిన్న చిన్న టూల్స్ ఎక్కించబోతున్నారా? ముందు ఇది చదవండి

రెండు పీడీఎఫ్‌లు కలపాలి, అంతే పని. దానికోసం సెర్చ్‌లో ఫ్రీ పీడీఎఫ్ ఎడిటర్ అని కొట్టి, పైన వచ్చిందాన్ని నొక్కి, ఎక్కించి, పని కానిచ్చుకుని మర్చిపోయినవాళ్లకు 2025లో ఏమైందో కొందరు చదివే ఉంటారు. యాప్‌సూట్ పీడీఎఫ్ ఎడిటర్ అని ఒకటి వచ్చింది. గూగుల్ యాడ్స్‌లో గట్టిగా తిప్పారు. అది నిజంగానే పీడీఎఫ్‌లు తెరిచేది, వారాల తరబడి బుద్ధిగా పనిచేసింది, ఎవరికీ అనుమానం రాలేదు. ఆగస్టు 21న అప్‌డేట్ రూపంలో అసలు పని మొదలుపెట్టి, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లూ లాగిన్‌ని గుర్తుపెట్టుకునే కుకీలూ ఊడ్చుకుపోయింది. దీన్ని తవ్వి తీసిన ట్రూసెక్ అనే సంస్థ లెక్క ప్రకారం యాడ్స్ మొదలైన రోజుకీ దొంగతనం మొదలైన రోజుకీ మధ్య 56 రోజులు. గూగుల్ యాడ్ క్యాంపెయిన్ మామూలుగా నడిచేది 60 రోజులట. అంటే చేతనైనంతమందిని ముందు పోగేసుకుని, తర్వాత వల లాగారన్నమాట.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది, చాలామంది కొత్త సిస్టమ్‌లకు మారారు, ఇంకా మారుతున్నారు. కొత్త సిస్టమ్ రాగానే అందరూ చేసేది ఒకటే. జిప్ తెరిచేది, స్క్రీన్‌షాట్ తీసేది, నోట్స్ రాసుకునేది, పాస్‌వర్డ్‌లు దాచేది, వీడియో ప్లేయర్, అన్నీ ఒకే ఊపులో వరసపెట్టి ఎక్కించేస్తారు. చదవకుండా నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. ఏడాది మొత్తంలో మీ సిస్టమ్‌కి అంతకంటే ప్రమాదకరమైన గంట ఉండదు.

యాంటీవైరస్ ఆన్‌లో ఉంచండి, పాస్‌వర్డ్ గట్టిగా పెట్టుకోండి లాంటివి ఇక్కడ రాయను. అవి మీకు తెలుసు.

పైన కనిపించేది అసలుది అనుకోవద్దు

సెర్చ్‌లో టూల్ పేరు కొట్టి, పైన వచ్చిన మొదటి లింక్ నొక్కొద్దు. నాకు తెలిసినవాళ్లలో మెయిల్ అకౌంట్ పోగొట్టుకున్నవాళ్లూ, ఫైళ్లన్నీ తాళం పడి డబ్బు కట్టమని మెసేజ్ చూసినవాళ్లూ దాదాపు అందరూ చేసింది ఈ ఒక్క తప్పే. క్రాక్ సాఫ్ట్‌వేర్ జోలికి పోనివాళ్లు, తెలియని మెయిల్ తెరవనివాళ్లు కూడా ఇక్కడ పడ్డారు. ఎందుకంటే ఇది తప్పులా కనిపించదు. మంచి టూల్ పేరే కొట్టారు, మంచి టూల్ పేరే పైన కనిపించింది, నొక్కారు.

ఆ పైన ఉండే చోటు డబ్బు కట్టి కొనుక్కున్న చోటు. పక్కన చిన్నగా స్పాన్సర్డ్ అని ఉంటుంది, తొందరలో ఎవరి కంటా పడదు. 2023లో కీపాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ పేరుతో గూగుల్‌లో ఒక యాడ్ నడిచింది. అందులో చూపించిన అడ్రస్ అచ్చం అసలుదే. నొక్కాక తెరుచుకునే పేజీ అడ్రస్‌లో మాత్రం మొదటి ఇంగ్లీషు అక్షరం కింద చిన్న తోకలాంటి గుర్తు ఉండేది. స్క్రీన్ మీద దుమ్ము అనుకునేంత చిన్నది. అదే ఏడాది నవంబర్‌లో ప్రాసెసర్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్‌కి ఏకంగా ఒక విండోస్ వార్తల సైట్‌నే పోలిన నకిలీ పేజీ తయారుచేసి యాడ్ పెట్టారు. 2025లో మళ్లీ కీపాస్. ఈసారి బింగ్ యాడ్స్ ద్వారా. విత్‌సెక్యూర్ సంస్థ బయటపెట్టిన ఆ కేసులో నకిలీ కీపాస్ మామూలుగానే పనిచేస్తూ, అందులో దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ బయటికి పంపేది. చివరికి ఒక కంపెనీ సర్వర్లు రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేది) పాలయ్యాయి. పాస్‌వర్డ్‌లు జాగ్రత్తగా పెట్టుకుందామని వెళ్లినవాళ్లకే ఈ గతి.

"అడ్రస్ చూసుకుంటాంలే" అంటారు. అడ్రస్ ఊహించి కొట్టడం కూడా నడవదు. ఎవ్రీథింగ్ అనే ఫైల్ వెతికే టూల్ (ఇంత మంచి టూల్ ఇంకొకటి చూడలేదు, అది వేరే సంగతి) దాని పేరుతో ఉన్న సైట్‌లో దొరకదు, వాయిడ్‌టూల్స్ డాట్ కామ్‌లో ఉంటుంది. వీఎల్‌సీ ప్లేయర్ వీడియోల్యాన్ డాట్ ఆర్గ్‌లో ఉంటుంది. జిప్ ఫైళ్లు తెరిచే 7-జిప్ అసలు అడ్రస్‌లో 7కీ జిప్‌కీ మధ్య గీత ఉంటుంది, చివర డాట్ ఆర్గ్ ఉంటుంది. గీత లేకుండా డాట్ కామ్ అని కొడితే వెళ్లేది వేరేవాళ్ల దగ్గరికి.

మరి ఎలా? వికీపీడియాలో ఆ టూల్ పేజీ తెరవండి, కుడివైపు పెట్టెలో వెబ్‌సైట్ అని ఉంటుంది, అక్కణ్నుంచి వెళ్లండి. లేదా పాత సిస్టమ్‌లో అదే టూల్ ఇప్పటికే ఉంటే హెల్ప్ మెనూలో అబౌట్ తెరిస్తే అసలు అడ్రస్ ఉంటుంది. ఒకసారి సరైన చోటు దొరికాక బుక్‌మార్క్ చేసి పెట్టుకోండి. విండోస్ 11లో టూల్స్ ఎక్కించడానికి విన్‌గెట్ అని ఒకటి ముందే ఉంటుంది. టెర్మినల్ తెరిచి దాంతో ఎక్కిస్తే సెర్చ్ యాడ్స్ బెడదే ఉండదు, దిగిన ఫైల్ తమ దగ్గర రాసుకున్న గుర్తుతో సరిపోయిందో లేదో కూడా అదే చూసుకుంటుంది. నల్ల తెర చూసి భయపడొద్దు, ఒక్క లైను కొట్టాలి అంతే. మైక్రోసాఫ్ట్ స్టోర్ కూడా పర్వాలేదు, కాకపోతే పబ్లిషర్ పేరు చూడండి. ఊరికే దొరికే టూల్‌ని కాపీ కొట్టి ఎవరో డబ్బుకి అమ్ముతూ ఉంటారు.

అసలు చోటు నుంచి తెచ్చుకున్నా వంద శాతం భద్రమేమీ కాదు, నిజమే. 2017లో సీసీక్లీనర్ 5.33 వెర్షన్ సొంత సైట్ నుంచే విషంతో బయటికొచ్చి దాదాపు నెల రోజులు ఉంది, సుమారు 22.7 లక్షల సిస్టమ్‌లలోకి వెళ్లింది. కానీ అలాంటిది ఎప్పుడో ఒకసారి. నకిలీ యాడ్‌లు రోజూ ఉంటాయి.

అసలు ఆ టూల్ కావాలా?

ఎక్కించని టూల్ నుంచి ప్రమాదం రాదు. విండోస్ కీ, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కితే స్క్రీన్‌షాట్ వస్తుంది. అదే స్నిప్పింగ్ టూల్ ఇప్పుడు స్క్రీన్ వీడియో కూడా తీస్తుంది. విండోస్ 11 తాజా వెర్షన్లలో జిప్‌లాంటివే అయిన రార్, 7జెడ్ ఫైళ్లు ఏ టూల్ లేకుండానే తెరుచుకుంటాయి. ప్రింట్ తీయగల ఏ ఫైల్‌నైనా పీడీఎఫ్‌గా మార్చాలంటే ప్రింట్ నొక్కి ప్రింట్ టు పీడీఎఫ్ ఎంచుకోండి. విండోలు సర్దుకోవడం, ఒకేసారి వంద ఫైళ్ల పేర్లు మార్చడం, ఫొటోలోని అక్షరాలు కాపీ చేయడం, ఇవన్నీ మైక్రోసాఫ్ట్ ఇచ్చే పవర్‌టాయ్స్ ఒక్కదాంట్లోనే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఫైల్ మార్చేద్దామంటారా, ఉచిత కన్వర్టర్ సైట్ల గురించి 2025 మార్చిలో ఎఫ్‌బీఐ డెన్వర్ ఆఫీసు ప్రత్యేకంగా హెచ్చరించింది. మార్చి ఇచ్చిన ఫైల్‌లో మాల్వేర్ పెట్టి పంపుతున్నారని, ఎక్కించిన ఫైల్‌లోని వివరాలు గీకేసుకుంటున్నారని.

శుభ్రం చేసే టూల్స్

రిజిస్ట్రీ క్లీనర్ (విండోస్ తన సెట్టింగ్స్ రాసుకునే చోటుని ఊడుస్తానని చెప్పేది) వద్దు. మైక్రోసాఫ్టే తాము వీటికి సపోర్ట్ ఇవ్వమని రాసి పెట్టింది, వాటితో వచ్చే వేగం కంటికి కనపడదు, ఒక్క ఎంట్రీ తప్పు తీస్తే మాత్రం విండోస్ మళ్లీ వేసుకోవాల్సి రావచ్చు. డ్రైవర్ అప్‌డేటర్ కూడా వద్దు. డ్రైవర్లు, అంటే ప్రింటర్, సౌండ్ లాంటివాటిని నడిపే ఫైళ్లు, విండోస్ అప్‌డేట్ ఇస్తుంది, అది ఇవ్వనివి మీ సిస్టమ్ తయారుచేసిన కంపెనీ సైట్‌లో ఉంటాయి.

డూప్లికేట్ ఫైళ్లు తీసే టూల్‌తో ఇంకో రకం దెబ్బ. అది తీసేసిన ఫోల్డర్ వన్‌డ్రైవ్‌తోనో డ్రాప్‌బాక్స్‌తోనో కలిసి ఉంటే, ఇక్కడ తీసింది అక్కడా పోతుంది, మీ రెండో సిస్టమ్‌లోనూ పోతుంది. ముందు సింక్ ఆపి, తీసినవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్లేలా పెట్టి, అప్పుడు మొదలుపెట్టండి. విండోస్ సొంత క్లీనప్‌లో కూడా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ పక్కన టిక్ ఉందేమో చూసుకోండి. బోలెడుమంది ముఖ్యమైన కాగితాలన్నీ అక్కడే పడేసి ఉంచుతారు.

అప్‌డేట్లు

7-జిప్, దానిలాంటిదే అయిన విన్‌రార్ తమంతట తాము అప్‌డేట్ కావు. ఒకసారి ఎక్కించి ఐదేళ్లు అలాగే వదిలేస్తారు. విన్‌రార్‌లో 2025లో బయటపడిన లోపం చూడండి. ఉద్యోగ దరఖాస్తులా కనిపించే రార్ ఫైల్ విప్పితే చాలు, మీరు చెప్పని చోట, అంటే సిస్టమ్ ఆన్ కాగానే నడిచే ఫోల్డర్‌లో, ఒక ఫైల్ పడుతుంది. దాన్ని 7.13 వెర్షన్‌లో సరిచేశారు. అంతకంటే పాతది మీ దగ్గరుంటే ఇప్పుడే మార్చండి. మార్చేటప్పుడు కూడా మళ్లీ అదే మాట, సెర్చ్‌లో కొట్టి పైన వచ్చింది నొక్కొద్దు. కొత్తది ఎక్కించేటప్పుడు జాగ్రత్తపడినవాళ్లు అప్‌డేట్ దగ్గర జారిపోతారు. "మీ వెర్షన్ పాతబడింది, ఇక్కడ నొక్కండి" అని ఏదో వెబ్ పేజీలో వచ్చిందనుకోండి, ఆ పేజీకి మీ వెర్షన్ సంగతి తెలియదు. మూసేయండి.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను, విడగొట్టే ఓపిక లేదు.

ఫైల్ ఎక్స్‌టెన్షన్లు (ఫైల్ పేరు చివర డాట్ తర్వాత ఉండే అక్షరాలు) కనిపించేలా పెట్టుకోండి. పీడీఎఫ్ బొమ్మ వేసుకున్న ఈఎక్స్ఈ, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రామ్, అప్పుడే దొరుకుతుంది.

రోబో కాదని రుజువు చేసుకోవడానికి విండోస్ కీ, ఆర్ నొక్కి, పేస్ట్ చేసి, ఎంటర్ కొట్టమనే పేజీ కనిపిస్తే ట్యాబ్ మూసేయండి. మీ చేత్తోనే మీ సిస్టమ్‌లో కమాండ్ నడిపిస్తున్నారు. ఏ నిజమైన క్యాప్చా అలా అడగదు.

జిప్‌కి పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్ పక్కనే రాసి ఇచ్చే టూల్ దించొద్దు. ఆ తాళం మీకోసం వేసింది కాదు, యాంటీవైరస్ లోపలికి చూడకుండా వేసింది.

ఎక్కించే ముందు యాంటీవైరస్ ఆపమని చెప్పే టూల్ వద్దు. కారణం అడగొద్దు.

అనుమానం ఉన్న ఇన్‌స్టాలర్‌ని వైరస్‌టోటల్ అనే సైట్‌లో (చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షిస్తుంది) వేసి చూడండి, కానీ మీ సొంత కాగితాలు అక్కడ వేయొద్దు, వేసిన ఫైల్ వేరేవాళ్లకూ అందుతుంది. అక్కడ పచ్చగా వచ్చిందని నమ్మేయకండి కూడా. ఆ పీడీఎఫ్ ఎడిటర్ కూడా వారాల తరబడి మంచి పిల్లాడిలాగే ఉంది కదా.

క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్‌లో ఉంటే మీరు కాపీ చేసిన చివరి 25 సంగతులు విండోస్ కీ, వి నొక్కిన ఎవరికైనా కనిపిస్తాయి. పాస్‌వర్డ్ కాపీ చేశాక అక్కడ చెరిపేయండి.

విండోస్ వేసుకోవడానికి బూటబుల్ పెన్‌డ్రైవ్ చేసే ముందు బ్యాకప్ హార్డ్‌డిస్క్ వైరు పీకేయండి. ఆ పని చేసే రూఫస్ అనే టూల్ మీరు ఎంచుకున్న డ్రైవ్‌ని మొత్తం తుడిచేస్తుంది, మీరు ఏది ఎంచుకున్నారో మీరే చూసుకోవాలి.

కస్టమ్ ఇన్‌స్టాల్ ఎంచుకోండి. ముందే పెట్టి ఉన్న టిక్కులు తీసేయండి.

ఫోన్ చేసి రిమోట్ టూల్ (మీ సిస్టమ్‌ని దూరం నుంచి నడిపించేది) ఎక్కించమన్నవాడికి, అందులో కనిపించే నంబర్ చదివి వినిపించొద్దు. బ్యాంక్ అన్నా సరే.

బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు కూడా టూల్సే. ట్యాబ్‌లను నిద్రపుచ్చే గ్రేట్ సస్పెండర్‌ని అసలు ఓనర్ వేరేవాళ్లకు అమ్మేశాక, 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్వేర్ అని తీసేసింది. వాడనివి ఈ రోజే తీసేయండి.

సెర్చ్‌లో పైన వచ్చింది నొక్కొద్దు. ఇది మూడోసారి చెప్తున్నానని తెలుసు.

ఇప్పటికే నొక్కేసి, ఎక్కించేసి ఉంటే: ముందు నెట్ ఆపండి. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే అయిపోయిందనుకోవద్దు, పాస్‌వర్డ్‌లు అప్పటికే వెళ్లిపోయి ఉంటాయి. ఆ సిస్టమ్‌లో కూర్చుని పాస్‌వర్డ్‌లు మార్చొద్దు, కొత్తవి కూడా అదే దారిన పోతాయి. ఫోన్‌లోనో వేరే సిస్టమ్‌లోనో మెయిల్ తెరిచి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ నొక్కండి, తర్వాత పాస్‌వర్డ్ మార్చండి. మెయిల్ మొదట, బ్యాంక్ తర్వాత, మిగతావి ఆపైన. కుకీ దొంగిలించినవాడికి ఓటీపీ అక్కర్లేదు, అతను అప్పటికే లోపల ఉన్నాడు, అందుకే సైన్ అవుట్. మెయిల్ సెట్టింగ్స్‌లో మీరు పెట్టని ఫార్వర్డింగ్ ఏమైనా ఉందేమో చూడండి. ఆ సిస్టమ్‌లో ఆఫీసు అకౌంట్ తెరిచి ఉంటే ఐటీ వాళ్లకు ఆ గంటలోనే చెప్పండి, తిడతారని తెల్లారేదాకా ఆగొద్దు. ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం వేరే డిస్క్‌లోకి తీసుకుని, తర్వాత విండోస్ మొత్తం తుడిచి మళ్లీ వేసుకోండి. డౌన్‌లోడ్స్‌లో ఉన్న ఇన్‌స్టాలర్లు ఒక్కటి కూడా తేవద్దు.